ఊరు పొమ్మంది, అడవి రమ్మనలేదు: రెండు జాతుల మధ్య పుట్టిన పిల్ల జంతువుల నడుమ బతకగలదా?

మసకవెలుగు:

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఒక నవల రాస్తున్నాను. సగంలో ఆగిపోయింది, ఇక్కడ అడవుల గురించీ చరిత్ర గురించీ తెలిసినవాళ్లు ఉన్నారని ధైర్యం చేసి అడుగుతున్నాను.

కథ ఇది. ఒకరంటే ఒకరికి పడని రెండు జాతులు, ఒకరు కొండ మీద, ఒకరు కింద ఏటి పక్కన. ఆ రెండు వైపులకూ కలిపి పుట్టిన పిల్ల. దానికి పదకొండేళ్లప్పుడు తల్లి చనిపోతుంది. కొండవాళ్లు "నీది వాళ్ల రక్తం, పో" అంటారు. ఏటి ఒడ్డుకు దిగితే తండ్రి వైపు వాళ్లు "దాని యాస వినండి, ఇది మన పిల్ల ఎలా అవుతుంది" అని గడప తొక్కనివ్వరు. ఇక మిగిలింది అడవి. అక్కడ తోడేళ్ల మధ్య ఎనిమిదేళ్లు గడుపుతుంది, ఆ తర్వాత మనుషుల కంట పడుతుంది.

మొదటి చిత్తుప్రతి చదివిన స్నేహితురాలు ఒకే మాట అంది: తోడేలు అక్కున చేర్చుకోవడం, చివరికి ఆ పిల్లే గుంపుకు పెద్ద కావడం చదివి చదివి విసుగొచ్చింది, ఇందులో నువ్వెక్కడున్నావు అని. ఆ మాట గుచ్చుకుంది, ఎందుకంటే ఈ కథ మొదలైందే నా గురించి. మా అమ్మది ఒక భాష, నాన్నది ఇంకో భాష. అమ్మ వాళ్లింటికి వెళ్తే నేను "ఆయన కూతురు", నాన్న వాళ్లింటికి వెళ్తే "ఆవిడ కూతురు". నా పేరు పెట్టి పిలవడానికి ముందు నేను ఎవరి కూతురో చెప్పుకునేవాళ్లు. రెంటికీ చెడ్డ రేవడి అని సరదాగా అనేవాళ్లే, నాకు మాత్రం అది ఒక్కసారి కూడా సరదాగా తగల్లేదు.

కాబట్టి నిజంగా జరిగినవి తెలుసుకుని రాయాలని ఉంది. అలాంటి పిల్ల బతుకుతుందా? దాని రెండు భాషలూ ఏమవుతాయి? దొరికాక దాన్ని ఎవరు తమది అంటారు? తెలిసినంత చెప్పండి, ఎంత పొడుగైనా చదువుతాను.

---

పాతకాగితాలు:

మసకవెలుగు గారూ, మీ కథకు చాలా దగ్గరగా బతికిన మనిషి ఒకామె ఉంది. మన దగ్గర ఆమె పేరు పెద్దగా వినపడదు, అందుకే కొంచెం వివరంగా రాస్తాను.

1731 సెప్టెంబరు, ఫ్రాన్స్‌లో షాంపేన్ ప్రాంతం, సోంజీ అనే పల్లె. చేతిలో దుడ్డుకర్ర, ఒంటి మీద చింకి గుడ్డలు, తోళ్లు వేసుకున్న ఒక అమ్మాయి సాయంత్రం పూట నీళ్ల కోసం ఊళ్లోకి వచ్చింది. జనం దెయ్యం అనుకుని, మెడకు ముళ్ల పట్టా ఉన్న కుక్కను ఆమె మీదికి ఉసిగొల్పారు. ఆమె కదలకుండా నిలబడి, కుక్క దగ్గరికి రాగానే ఒక్క దెబ్బతో చంపేసింది. తర్వాత చెట్టెక్కి కూర్చుంటే, చెట్టు కింద బకెట్‌తో నీళ్లు పెట్టి ఆశ చూపి పట్టుకున్నారు. పచ్చి మాంసం తినేది, ఏట్లో ఈది చేపల్నీ కప్పల్నీ పట్టేది, మొక్కల వేర్లు తవ్వీ తవ్వీ బొటనవేళ్లు బాగా పెద్దవైపోయాయట. వండిన తిండికి మార్చాక జబ్బుపడింది, పళ్లు ఊడిపోయాయి. మరుసటి ఏడాది బాప్తిస్మం ఇచ్చి మరీ ఆంజెలిక్ మెమ్మీ లెబ్లాఁ అని కొత్త పేరు పెట్టారు. ఆ పేరులో ఏ ముక్కా ఆమె వెంట తెచ్చుకున్నది కాదు.

ఆమె అడవిలో పుట్టిన పిల్ల కాదు. అక్కడే ఈ కథ మీ కథకు తగులుతుంది. సెర్జ్ ఆరోల్స్ అనే ఫ్రెంచ్ పరిశోధకుడు పాత దస్తావేజులు తిరగేసి 2004లో చెప్పింది ఏమిటంటే, ఆమె ఉత్తర అమెరికాలోని మెస్క్వాకీ అనే ఆదివాసీ తెగ పిల్ల. ఫ్రెంచివాళ్లు వాళ్లను ఫాక్స్ తెగ అనేవాళ్లు, వాళ్లతో యుద్ధాలు చేశారు కూడా. ఆ పిల్లను సముద్రం దాటించి 1720లో దక్షిణ ఫ్రాన్స్‌లోని మార్సెయ్ రేవుకు తెచ్చారు, అప్పుడు ఆ ఊళ్లో ప్లేగు. అక్కడి నుంచి తప్పించుకుని పదేళ్లు అడవుల వెంట నడుచుకుంటూ ఉత్తరానికి వచ్చిందని ఆయన వాదన. అది అక్షరాలా ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, ఎక్కడి నుంచో ఓడ మీద తెచ్చిన పిల్ల అని ఆమె మాటల్ని బట్టి అప్పటివాళ్లకే అర్థమైంది.

ఇంకో సంగతి, ఇది మీరు తప్పకుండా ఆలోచించాలి. అడవిలో ఆమె ఒంటరిగా లేదు. తోడుగా ఒక నల్లజాతి అమ్మాయి ఉండేది, ఆమెనూ ఎక్కడి నుంచో తెచ్చినవాళ్లే. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు, సైగలతోనూ అరుపులతోనూ నడిపారు. సోంజీకి కొద్ది రోజుల ముందు దారిలో ఒక జపమాల దొరికితే దాని కోసం ఇద్దరూ కొట్టుకున్నారు. దుడ్డుకర్ర దెబ్బకు రెండో అమ్మాయి నెత్తురోడుతూ పడిపోయింది. ఈమె బెదిరిపోయి, కప్ప చర్మం ఒలిచి గాయం మీద వేసి, చెట్టు నారతో కట్టు కట్టిందట. ఆ తర్వాత ఆ అమ్మాయి ఎటో వెళ్లిపోయింది, మళ్లీ కనిపించలేదు. అన్నేళ్ల అడవి బతుకులో నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. పేరు కూడా మిగలని ఆ రెండో పిల్ల.

తర్వాతి బతుకు కూడా చూడండి. ఫ్రెంచ్ నేర్చుకుంది, చదవడం రాయడం వచ్చాయి. అడవిలో దొరికిన పిల్లల కథల్లో ఇది దాదాపు ఎక్కడా జరగదు. కానీ రాణుల ముందు కుందేళ్ల వెంట పరుగెత్తి పట్టి చూపించాల్సి వచ్చింది. పోషకుడైన ఓర్లియాన్ డ్యూక్ 1752లో పోయాక చేతిలో డబ్బు లేదు. 1755లో ఆమె జీవితకథ అచ్చయితే, ఆ పుస్తకాల అమ్మకం ఆమెకు కొంత ఆసరా అయింది. 1765లో స్కాట్లండ్ నుంచి లార్డ్ మాన్‌బొడ్డో అనే పండితుడు వచ్చి ఆమెను ప్రశ్నలు అడిగి రాసుకున్నాడు. 1775లో ప్యారిస్‌లో చనిపోయింది. అప్పటికి పుట్టిన భాష దాదాపు పూర్తిగా పోయింది. భాషలు ఏమవుతాయని అడిగారు కదా, ఆమె విషయంలో జవాబు ఇది: మొదటిదాన్ని వెనక్కి తెచ్చి ఇవ్వడానికి మాట్లాడేవాళ్లు ఒక్కరు కూడా దగ్గర లేరు.

ఒక జాగ్రత్త చెప్తాను. మన దేశం నుంచి అందరూ ఎత్తి చూపేది మిడ్నాపూర్ దగ్గర 1920లో దొరికారన్న అమల, కమల కథ. దాన్ని ఆధారం చేసుకోకండి. తోడేళ్ల గుహలోంచి తీశాననే మాట వాళ్లను పెంచిన మిషనరీ సింగ్ చెప్పిందే, ఆయన డైరీ తర్వాత కూర్చి రాసిందని ఆరోల్స్ చూపించాడు. ఆ ఇద్దరు పిల్లలు మాత్రం నిజం. చిన్నది 1921లో, పెద్దది 1929లో చనిపోయారు. వాళ్లకు ఏం జబ్బో, ఎవరు వదిలేశారో అడగకుండా నాలుగు కాళ్ల మీద నడిచిన కథ ఒక్కటే మనం తరతరాలుగా చెప్పుకున్నాం.

---

మసకవెలుగు:

పాతకాగితాలు గారూ, ఇది రెండుసార్లు చదివాను. కప్ప చర్మం దగ్గర ఆగిపోయాను. నా కథలో ఆ పిల్ల ఒక్కత్తే ఉండాలని ఎందుకు పట్టుబట్టానో ఇప్పుడు నాకే తెలియడం లేదు.

మరి తోడేళ్ల సంగతి? అసలు దగ్గరికి రానిస్తాయా? పదకొండేళ్ల వయసు సరిపోతుందా, ఇంకా చిన్నదాన్ని చేయాలా?

---

అడుగుజాడ:

చిన్నదాన్ని చేయకండి, పదకొండే సరైనది. నేను కొన్నేళ్లు అడవి జంతువుల లెక్కల పనిలో తిరిగాను, జాడలు చూసి రాసుకోవడం, మలం పోగుచేయడం, కెమెరాలు కట్టడం లాంటివి. అక్కడ నేర్చుకున్నదీ తర్వాత చదివినదీ కలిపి చెప్తున్నాను.

తోడేలు పిల్ల పుట్టినప్పుడు గుడ్డిది, రెండు వారాలకు కళ్లు తెరుస్తుంది, ఎనిమిది తొమ్మిది వారాలకు పాలు మానేస్తుంది. అప్పటి నుంచి పెద్దవి తిని వచ్చి కక్కి పెట్టిన మాంసమే. మన బిడ్డకు ఆ వయసులో మెడ కూడా సరిగ్గా నిలవదు. కొన్ని నెలలకే గుంపు పిల్లల్ని వెంటేసుకుని తిరగడం మొదలుపెడుతుంది, రాత్రికి పదుల కిలోమీటర్లు నడుస్తుంది. కాబట్టి పాలు తాగే బిడ్డను తోడేలు పెంచడం అనేది లెక్కలో ఎక్కడా కుదరదు. అదే పదకొండేళ్ల పిల్లకు నడక వచ్చు, నిప్పు తెలుసు, ఏ కాయ తినొచ్చో తల్లి చెప్పి ఉంటుంది. ఆమెను బతికించేది తోడేలు కాదు, ఆ పదకొండేళ్ల పెంపకం.

గుంపుకు పెద్ద కావడం గురించి కూడా మీ స్నేహితురాలు సరిగ్గానే అన్నారు. అడవిలో తోడేళ్ల గుంపు అంటే ఒక కుటుంబం. అమ్మ, నాన్న, ఈ ఏటి పిల్లలు, నిరుటి పిల్లలు. పోట్లాడి గెలిచినది రాజు అనే మాట, సంబంధం లేని తోడేళ్లను తెచ్చి ఒకే ఆవరణలో పెట్టి చూసిన రోజుల నుంచి వచ్చింది. జీవితమంతా తోడేళ్ల వెంట తిరిగిన డేవిడ్ మెక్ 1999లో ఈ సంగతి విడమరిచి రాశాడు. ఇంకొకరి కుటుంబంలోకి బయటి మనిషి వెళ్లి నాన్న కాలేదు కదా.

ఇక మీకు నిజంగా చెప్పాలనుకున్నది ఇది. తోడేలుకు ఒకటి నుంచి మూడేళ్ల వయసు వచ్చాక అది పుట్టిన గుంపు వదిలి వెళ్లిపోతుంది. ఒంటరి తోడేలు అని అందరూ గొప్పగా చెప్పుకునేది దాన్నే, కానీ దాని బతుకు చాలా భయం భయంగా ఉంటుంది. పక్క గుంపు నేలలోకి అడుగుపెడితే చంపేస్తాయి, తోడేళ్లు తోడేళ్ల చేతిలో చావడం అరుదేమీ కాదు. అందుకని అది రెండు గుంపుల నేలల మధ్య అంచుల వెంట తిరుగుతుంది. ఆ అంచు మీద రెండు గుంపులూ ఎక్కువసేపు ఉండవు, ఎదురుపడితే పోట్లాట అని. దానివల్ల ఏమవుతుందంటే ఆ నడిమి నేలలో జింకలు బతికిపోతాయి. అమెరికాలో మిన్నెసోటా అడవుల్లో మెక్ దీన్ని గమనించి 1977లో రాశాడు.

మనుషుల మధ్య కూడా అచ్చం ఇదే జరిగింది, ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. మిసిసిపీ నది ఎగువన చిప్పెవా, సూ అనే రెండు తెగలకు పడేది కాదు. వాళ్ల మధ్య ఎవరూ ధైర్యంగా వేటాడలేని నేల పట్టీ ఒకటి ఉండేది, జింకలు అక్కడే నిండుగా ఉండేవని హికర్సన్ అనే ఆయన 1965లో రాశాడు. అంతకు ముందెప్పుడో 1806లోనే అమెరికా అన్వేషకుడు విలియం క్లార్క్ తన ప్రయాణపు డైరీలో, యుద్ధంలో ఉన్న రెండు జాతుల మధ్య నేలలోనే జంతువులు ఎక్కువగా కనపడుతున్నాయని రాసుకున్నాడు. ఈ కాలంలో చూడాలంటే రెండు కొరియాల మధ్య 1953 నుంచి మనుషులు తిరగని పట్టీ ఉంది, సుమారు 4 కిలోమీటర్ల వెడల్పు, దాదాపు 250 కిలోమీటర్ల పొడవు. ఎర్ర నెత్తి కొంగలు చలికాలం అక్కడికి చేరతాయి.

ఇప్పుడు మీ కొండా ఏరూ తలుచుకోండి. ఆ రెండింటి మధ్య ఇద్దరూ అడుగుపెట్టని అడవి ఒకటి ఉండి తీరాలి. మీ పిల్ల వెళ్లాల్సింది లోతట్టు అడవిలోకి కాదు, ఆ నడిమి నేలలోకి. వాళ్ల పగ వల్లే అక్కడ వేట మిగిలింది, ఆ వేట వల్లే తోడేలు వచ్చింది, అక్కడికే ఈమె కూడా వచ్చింది. ఆమె కలుసుకునే తోడేలు కూడా గుంపు లేనిదే అయి ఉంటుంది.

దగ్గరికి రానిస్తాయా అన్నారు. ముద్దు చేయవు, కానీ ఓర్చుకుంటాయి. ఇథియోపియా కొండల్లో గెలాడా అనే గడ్డి మేసే కోతుల మందల మధ్య అక్కడి తోడేళ్లు మెల్లగా తలలు దించి నడుస్తాయి, పక్కనే కోతి పిల్లలున్నా సాధారణంగా ముట్టుకోవు. వాటికి కావాల్సింది ఎలుకలు. మంద మధ్య ఉన్నప్పుడు ఎలుకల వేట 67 శాతం ఫలిస్తే, ఒంటరిగా ఉన్నప్పుడు 25 శాతమే. మీ పిల్ల కూడా అలా నేర్చుకోవాలి. పరుగెత్తకుండా, కళ్లలోకి చూడకుండా, రోజూ ఒకే వేళకు ఒకే దూరంలో కూర్చుని. నెలలు పడుతుంది. తోడేలు వదిలిన కళేబరం దగ్గరికి కాకుల్ని చూసి వెళ్లాలి, మిగిలింది తెచ్చుకోవాలి. ఒక్క కుందేళ్ల మీద బతికించకండి, కొవ్వు లేని మాంసం ఒక్కటే తింటే కడుపు నిండినా మనిషి విరేచనాలతో, నీరసంతో పడిపోతాడు. కొవ్వు కోసం, ఎముకల్లో మూలుగ కోసం ఆమె పడే పాట్లు రాయండి.

---

రాయినిప్పు:

అన్నీ బాగున్నాయి కానీ నాదొక మాట. ఇంత లెక్కలు వేస్తే కథ ఎండిపోతుంది. స్పెయిన్‌లో మార్కోస్ రోడ్రిగెస్ పాంతోహా ఉన్నాడు కదా, తోడేలు తనకు మాంసం పెట్టిందనీ, పాము తనతో తిరిగిందనీ ఆయనే చెప్పాడు. ఆయన మాట కన్నా మన లెక్కలు గొప్పవా?

---

పాతకాగితాలు:

రాయినిప్పు గారూ, ఆయన కథ తీసుకురావడం మంచిదైంది. 1946లో పుట్టాడు, తల్లి పోయింది, తండ్రి ఇంకో పెళ్లి చేసుకున్నాడు. ఏడేళ్లప్పుడు తండ్రే అమ్మేస్తే సియెర్రా మొరేనా కొండల్లో ఒక ముసలి మేకల కాపరి దగ్గరికి చేరాడు. ఉచ్చులు పెట్టడం, నిప్పు చేయడం ఆ ముసలాయనే నేర్పాడు. ఆయన కూడా పోయాక దాదాపు పన్నెండేళ్లు ఒక్కడే, 1965లో పోలీసులు పట్టుకొచ్చేదాకా. గాబ్రియేల్ హనేర్ మనీలా అనే మానవశాస్త్రవేత్త 1975, 76ల్లో ఆయనతో నెలల తరబడి మాట్లాడి దాని మీదే డాక్టరేట్ పరిశోధన రాశాడు. అబద్ధం చెప్తున్నాడని అనలేదు. తెలివితో బతికాడు, మనుషుల దగ్గర దొరకని ఆదరణను జంతువుల దగ్గర ఊహించుకుని దాన్ని నిజంగానే అనుభవించాడు అన్నాడు.

అంటే ఆ తోడేలు ఆయనకు మాంసం పెట్టిందా లేదా అన్నది ఒక ప్రశ్న. ఆయనకు పెట్టినట్టు ఎందుకు అనిపించింది అన్నది ఇంకో ప్రశ్న. నవలకు పనికొచ్చేది రెండోదే అని నా అభిప్రాయం. తోడేలు సగం తిని వదిలేసి వెళ్తుంది, పిల్ల దాన్ని "నా కోసం ఉంచింది" అనుకుంటుంది. రెండూ ఒకే వాక్యంలో రాయొచ్చు. లెక్కలు కథను ఎండబెట్టవండీ.

ఆయన తిరిగి వచ్చాక పడినదీ చూడండి. పని చేయించుకుని మోసం చేసినవాళ్లున్నారు. తనకు రాజకీయాలూ ఫుట్‌బాలూ తెలియవు కాబట్టి జనం నవ్వుతారని పెద్దయ్యాక కూడా చెప్పేవాడు.

---

రాయినిప్పు:

ఒప్పుకుంటున్నాను. "నా కోసం ఉంచింది" అన్న మాట దగ్గర నాకు నోట మాట రాలేదు.

---

చినుకు:

నేను మాట ఆలస్యమైన పిల్లలతో పనిచేస్తాను, కాబట్టి భాష గురించి మాత్రమే చెప్తాను. కొంచెం కోపంగా ఉంటే ఏమీ అనుకోకండి.

ముందుగా "మృగం పిల్ల", "అడవి మనిషి" లాంటి మాటలు మీ నవలలో ఎవరి నోట పెడుతున్నారో చూసుకుని పెట్టండి. 1758లో లిన్నేయస్ అనే స్వీడన్ శాస్త్రవేత్త జీవులన్నిటికీ పేర్లు పెడుతూ ఇలాంటి పిల్లలకు మనుషుల్లోనే వేరే గడి ఒకటి గీశాడు. నాలుగు కాళ్లు, మూగ, ఒళ్లంతా వెంట్రుకలు అని గుర్తులు రాశాడు. ఆ గడిలో వేసిన పిల్లల్లో ఒకడు పీటర్. 1725లో జర్మనీలో హామెలిన్ దగ్గర దొరికితే ఇంగ్లండ్ రాజు జార్జ్ దగ్గరికి తీసుకెళ్లారు, ఆస్థానంలో వింతగా చూపించారు. పెద్దయ్యాక దారి తప్పాడని మెడకు పట్టా వేశారు, దొరికినవాళ్లు ఫలానా చోట అప్పగించాలని దాని మీద చెక్కించి. 1785లో చనిపోయాడు. రాజభవనం గోడ మీద అతని బొమ్మ ఉంది. ఆ పెదవులూ కనురెప్పలూ చూసి, అది పిట్-హాప్కిన్స్ అనే పుట్టుకతో వచ్చే జబ్బు అయి ఉండొచ్చని 2011లో అన్నారు. అడవి అతన్ని మూగవాణ్ణి చేయలేదు. మాట రాలేదనే ఎవరో అతన్ని అడవిలో వదిలేసి ఉంటారు. నా దగ్గరికి వచ్చే పిల్లల ముఖాలు తలుచుకుంటే ఈ వాక్యం రాయడం కూడా కష్టంగా ఉంది.

మీ పిల్ల అలా కాదు. పదకొండేళ్లకు రెండు భాషలు స్థిరపడి ఉంటాయి. మాట మొదటి ఏళ్లలో అసలే పడకపోతే తర్వాత నేర్పడం చాలా కష్టం, కానీ పడ్డాక ఎనిమిదేళ్ల మౌనంతో సమూలంగా పోదు. అరిగిపోతుంది. ముందు పేర్లు పోతాయి, పెద్ద వాక్యాలు పోతాయి, గొంతు లేవదు. తిట్లు, లెక్కపెట్టే అంకెలు, తల్లి పాడిన పాట చాలాకాలం ఉంటాయి. తనలో తాను మాట్లాడుకుంటుంది కాబట్టి రెండు భాషలూ కలిసిపోయి మూడోది ఒకటి తయారవుతుంది, అది ప్రపంచంలో ఒక్కరికే వచ్చు. తిరిగి వచ్చాక కొండవాళ్లకు సగం, ఏటివాళ్లకు సగం అర్థమవుతుంది.

ఇంకొక్కటి. విక్టర్ అనే పిల్లాడు 1800 జనవరిలో దక్షిణ ఫ్రాన్స్‌లో అడవిలోంచి బయటికి వచ్చాడు. పెద్ద డాక్టర్లు బాగుపడడని తేల్చేస్తే, ఇటార్ అనే యువ డాక్టరు ఐదేళ్లు పట్టు వదలకుండా నేర్పాడు. మాటలు ఒకటి రెండుకు మించి రాలేదు. కానీ అతన్ని కన్నతల్లిలా చూసుకున్న గెరాఁ గారి భర్త చనిపోయిన రోజు, విక్టర్ అలవాటు ప్రకారం బల్ల మీద ఆయన చోటులో కూడా కంచం, చెంచాలు సర్దాడు. అది చూసి ఆమె ఏడ్చింది. వాడు నిశ్శబ్దంగా ఆ కంచం తీసి అలమరలో పెట్టేశాడు, ఇంకెప్పుడూ సర్దలేదు. ఇటార్ తన నివేదికలో రాసిన సంగతి ఇది. మాట రాని పిల్లాడికి ఏం అర్థమవుతుందని నన్ను అడిగే తల్లిదండ్రులకు నేను చెప్పేది ఇదొక్కటే.

---

మసకవెలుగు:

అందరికీ ఎలా చెప్పాలో తెలియడం లేదు. నిన్న రాత్రి మొదటి మూడు అధ్యాయాలు తీసేశాను. బాధ కలగలేదు.

ఇప్పుడు ఇలా అనుకుంటున్నాను. పిల్ల నడిమి నేలలో ఉంటుంది. కొండ మీది పొగా కనపడుతుంది, ఏటి ఒడ్డు దీపాలూ కనపడతాయి, రెండూ రోజూ కనపడతాయి. ఇన్నాళ్లూ దాన్ని రెండింటికీ దూరంగా పంపేశాను. నిజానికి నేనెప్పుడూ అంత దూరంలో లేను. రెండిళ్ల మాటలూ వినపడేంత దగ్గరలోనే ఉన్నాను, అందుకే అంత నొప్పి. తోడేలు ఒక్కటే, గుంపు వదిలి వచ్చిన ఆడ తోడేలు, కుంటుతూ ఉంటుంది. పిల్లా తోడేలూ ఒకదాన్నొకటి ఎప్పటికీ ముట్టుకోవు. ఇంకో పిల్ల కూడా వస్తుంది, ఏటి వైపు నుంచి, వేరే ఏదో కారణంతో వెళ్లగొట్టిన పిల్ల. వాళ్లిద్దరి మధ్య ఏం జరుగుతుందో ఇంకా తెలియదు, కానీ ఆమెకు పేరు మాత్రం ముందే పెట్టుకున్నాను.

చినుకు గారూ, ఆ మూడో భాషకు కొన్ని మాటలు తయారుచేస్తున్నాను, మా అమ్మ మాటలూ నాన్న మాటలూ కలిపి. చిన్నప్పుడు నిజంగానే అలా మాట్లాడేదాన్ని, అందరూ సరిదిద్దేవాళ్లు.

అడుగుజాడ గారూ, ఒక్క చిన్న సందేహం. తోడేలు వదిలేసిన జింక కాలు ఎముక తెచ్చుకుని దాచుకుంటే, లోపలి మూలుగ ఎన్నాళ్లు తినడానికి పనికొస్తుంది? కొత్తగా రాస్తున్న రెండో అధ్యాయం అక్కడే ఆగింది.

---

అడుగుజాడ:

దీనికి జవాబు ఉంది. ఇజ్రాయెల్‌లో కెసెమ్ గుహ అని, రెండు నుంచి నాలుగు లక్షల ఏళ్ల కిందటి మనుషులు ఉన్న చోటు. వాళ్లు జింక కాలి ఎముకల్ని దాచుకుని తర్వాత తినేవాళ్లని 2019లో పరిశోధకులు తేల్చారు. దానికోసం తామే జింక ఎముకల్ని దాచి వారం వారం పగలగొట్టి చూశారు. చర్మం ఒలవకుండా ఉంచితే 9 వారాల దాకా మూలుగ బాగానే ఉంది. ఒలిచేస్తే తొందరగా పాడవుతుంది. కాబట్టి ఆమె ఆకలి ఎంతగా ఉన్నా కాలి చర్మం ముట్టుకోదు, కింది కాలు, గిట్టతో సహా అలాగే ఉంచుతుంది. ఎండిన చర్మం ఒలవడం చాలా కష్టం, పదునైన రాయితో గీరి గీరి తీయాలి, ఎముక మీద చిన్న చిన్న గీతలు పడతాయి. ఆ గీతల్ని చూసే పరిశోధకులు గుర్తుపట్టారు. చలికాలం మొదట్లో దాచిన కాళ్ల మూలుగ రెండు నెలల దాకా పనికొస్తుంది. తోడేలుకు వాసన అందకుండా రాళ్ల సందులో, తను పడుకునే చోటుకు దూరంగా దాచమనండి.